బ్లూ-రే గెలిచింది, డిస్కు కొన్నవాడు ఓడాడు

రికార్డింగు బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసిన దగ్గర్నుంచీ పాత కథే మళ్లీ వినిపిస్తోంది. బీటామ్యాక్స్ వీడియో క్యాసెట్‌తో ఒకప్పుడు దెబ్బతిన్న సోనీ, ప్లేస్టేషన్ 3లో బ్లూ-రే డ్రైవు పెట్టి తోషిబావారి పోటీ డిస్కు హెచ్‌డీ డీవీడీని మట్టికరిపించిందన్నది ఆ కథ. ఆగింది ఖాళీ డిస్కులే, సినిమా డిస్కులు కావు అన్న తేడా కూడా చాలామందికి పట్టలేదు. అంతకన్నా విసుగు పుట్టించేది, 2008లో అసలు తగవు దేని మీద తెగిందో చెప్పేవాళ్లు లేకపోవడం.

ప్లేస్టేషన్ పాత్రను నేను కాదనను. అయితే 2008 జనవరి 4న వార్నర్ బ్రదర్స్ బ్లూ-రే వైపు మొగ్గకపోతే, ఫిబ్రవరి 19న తోషిబా తప్పుకునేది కాదు. తేల్చింది స్టూడియోలు. బొమ్మ నాణ్యత చూసి తేల్చారా అంటే, అందులో రెండూ ఇంచుమించు సమానం. రెండింటినీ చదివేది 405 నానోమీటర్ల లేజరే. పొరకు బ్లూ-రేలో 25 జీబీ, హెచ్‌డీ డీవీడీలో 15 జీబీ పడతాయి. సినిమా వరకు రెండు పొరల 30 జీబీ సరిపోయేది. ఏఏసీఎస్ అనే ఎన్‌క్రిప్షన్ రెండింటికీ ఉమ్మడి. బ్లూ-రే దాని మీద బీడీ ప్లస్ అనే రెండో తాళం వేసింది, ప్రపంచాన్ని ఏ, బీ, సీ అని మూడు రీజియన్లుగా కోసింది. హెచ్‌డీ డీవీడీలో ఈ రెండూ లేవు. 2005లో ఫాక్స్ బ్లూ-రే పక్షాన నిలవడానికి ఈ అదనపు రక్షణే ముఖ్య కారణం. వార్నర్ లెక్క వేరు, దానికి కావలసింది ఒకే ఫార్మాట్. పారామౌంట్ 2007 ఆగస్టులో ఎదురు గట్టుకు వెళ్లినా, సోనీ, డిస్నీ, ఫాక్స్ ఇటువైపు పాతుకుపోయాక వార్నర్‌కు మిగిలిన దారి ఒక్కటే.

ఆ రెండో తాళం ఎన్నాళ్లు నిలిచింది? 2007 అక్టోబరులో డిస్కుల మీదికి వచ్చింది, వచ్చీరాగానే కొన్ని ప్లేయర్లను మొరాయించేలా చేసింది. 2008 మార్చికల్లా దాన్ని తెరిచే సాఫ్ట్‌వేరు బజారులో ఉంది. ఇబ్బంది పడింది డబ్బు పెట్టి కొన్నవాళ్లే.

రీజియన్ సంగతి మనకు నేరుగా తగిలేది. అమెరికా రీజియన్ ఏలో, మనం చైనా, రష్యాలతో పాటు రీజియన్ సీలో ఉన్నాం. వార్నర్, పారామౌంట్ చాలా డిస్కులకు ఈ రీజియన్ తాళం వేయలేదు. ఫాక్స్ విరివిగా వేసింది. డాలస్‌లో ఉన్న అమ్మాయి సొంత డబ్బుతో కొని తెచ్చిన అలాంటి డిస్కు గుంటూరులో తండ్రి ఇంట్లోని ప్లేయర్‌లో ఆడదు. మన కాపీరైట్ చట్టం 51వ సెక్షన్ మాత్రం సొంత, గృహ వినియోగానికి ఒక ప్రతిని దిగుమతి చేసుకోవడం ఉల్లంఘన కాదంటోంది. చట్టం ఇచ్చిన హక్కును ఒక ప్రైవేటు లైసెన్సు ఒప్పందం లాగేసుకుంది.

ఆ తాళం తీస్తే నేరమా? అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ప్రకారం తాళం పగలగొట్టడమే తప్పు, ఉద్దేశంతో పనిలేదు. మన పార్లమెంటు 2012లో కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ చేర్చినప్పుడు ఆ దారి పట్టలేదు. చట్టమిచ్చే హక్కులను కాపాడే తాళమై ఉండాలి, వాటిని ఉల్లంఘించే ఉద్దేశంతో దాన్ని తీసి ఉండాలి. అప్పుడే రెండేళ్ల దాకా జైలు. చట్టం స్పష్టంగా నిషేధించని పనికోసం తీయవచ్చు. మరొకరి కోసం తీసిపెట్టేవాళ్లు ఆ మరొకరి పేరు, చిరునామా, గుర్తింపు వివరాలు, ఏ పనికోసం తీశారో రాసి ఉంచాలి, అంతే. వ్యాపారపు దిగుమతులను అడ్డుకునే హక్కుకు రీజియన్ కోడ్ కాపలా అని వాదించేవాళ్లున్నారు. సొంతానికి తెచ్చుకున్న ఒక్క ప్రతి విషయంలో ఆ వాదన నిలవదు. ఆ కోడ్ కాపాడేది విడుదల తేదీలను, ధరలను. అవి కాపీరైట్ హక్కులు కావు.

పరిశ్రమే చివరికి ఈ మాట ఒప్పుకుంది. 2016లో వచ్చిన 4కే అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రేలో రీజియన్ కోడ్ లేదు. హెచ్‌డీ డీవీడీ 2006లోనే ఇచ్చిన వెసులుబాటు పదేళ్లు ఆలస్యంగా, జనం స్ట్రీమింగుకు మళ్లుతుండగా దక్కింది. పాత డిస్కుల మీద మాత్రం ఆ కోడ్ అలాగే ఉంది. రీజియన్ కోడ్ 65ఏ కిందికి రాదని కేంద్రం ఇప్పటికైనా కాపీరైట్ నియమాల్లో ఒక వాక్యం చేర్చాలి.