ఢిల్లీ చలి లెక్క సరే... మన పదును లెక్క ఏదీ?

సంక్రాంతి దగ్గర పడేసరికి ఏటా ఒకటే వార్త. ‘ఢిల్లీలో చలి పంజా. సాధారణం కంటే ఇన్ని డిగ్రీలు తక్కువ’. మనం వీరపునాయునిపల్లె బస్టాండులోనో, ప్రొద్దుటూరు మార్కెట్టులోనో టీ తాగుతూ ఆ వార్త వింటాం. ‘అబ్బా, అంత చలా!’ అనుకుంటాం. గ్లాసు కింద పెట్టి ఇంటికి పోతాం. ఆ ‘సాధారణం’ అనే మాట ఏమిటో, దాన్ని ఎవరు ఎట్లా కట్టారో ఏనాడూ అడగం.

రైతు సోదరులారా, ఇప్పుడు అడుగుదాం. ఎందుకంటే అదే మాటతో మన వాననూ కొలుస్తున్నారు. కరువు మండలమా కాదా అనేది తేల్చేటప్పుడు ఆ మాటే ముందుకొస్తుంది. కొన్ని రకాల పంటల బీమా కూడా దాని మీదే నడుస్తుంది.

సాధారణం అంటే ఏమిటి?

వాతావరణ శాఖ వాళ్ళు ఒక ఊరి వేడిని, చలిని 30 ఏళ్ళ పాటు రోజూ రాసుకుని సగటు కడతారు. ఇప్పుడు వాడుతున్నది 1991 నుంచి 2020 దాకా ఉన్న లెక్క. ఆ సగటే ‘సాధారణం’. జనవరిలో ఢిల్లీలో రాత్రి వేడి సాధారణంగా 7 డిగ్రీల పైచిలుకు. 2021 జనవరి 1న అది 1.1 డిగ్రీలకు పడిపోయింది. 2019 డిసెంబర్ 30న అయితే పగటిపూటే 9.4 డిగ్రీలు దాటలేదు. 1901 తర్వాత డిసెంబర్ నెలలో అంత చల్లటి పగలు ఢిల్లీ ఎరగదు. మైదాన ప్రాంతంలో రాత్రి వేడి 10 డిగ్రీలకో అంతకు కిందికో దిగి, సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు తగ్గితే దాన్ని ‘చలిగాలులు’ అంటారు.

ఢిల్లీ వాళ్ళకు ఆ లెక్క సరిపోతుంది. వాళ్ళ శీతాకాలం అంటేనే చలి. గోధుమకు చలి కావాలి. అక్కడి శనగకు మాత్రం చలి ఎక్కువైతే కష్టం. రాత్రీ పగలూ కలిపి సగటు వేడి 15 డిగ్రీల లోపు ఉంటే పూత వచ్చినా కాయ నిలవదు. కాబట్టి వాళ్ళు డిగ్రీలు లెక్కపెట్టుకోవడం న్యాయమే.

మరి మన శీతాకాలం? కడప జిల్లాలో జనవరి రాత్రులు 20 డిగ్రీలకు అటూఇటూ ఉంటాయి. దుప్పటి కప్పుకుంటే తీరిపోయే చలి మనది. మన శీతాకాలాన్ని కొలవాల్సింది చలితో కాదు, నల్లరేగడిలో మిగిలిన పదునుతో. హస్త, చిత్త కార్తెల్లో ఎంత వాన పడింది? స్వాతి, విశాఖల్లో గొర్రు ఎప్పుడు కట్టాం? ఆ పదును మూల కార్తె దాకా నిలిచిందా లేదా? రబీ రైతుకు శీతాకాలం అంటే ఇదే.

సగటు చేసే మాయ

ఇక వాన సంగతి చూడండి. మన జిల్లాలో ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన సాధారణం అంటారు. అందులో సగానికి పైగా నైరుతిలో, మూడో వంతుకు అటూఇటూగా ఈశాన్యంలో పడాలి. సాధారణం కంటే 19 శాతం తగ్గినా, 19 శాతం పెరిగినా పుస్తకంలో ‘సాధారణమే’. 20 శాతం తగ్గితే లోటు. 60 శాతం తగ్గితే తీవ్ర లోటు.

లెక్క కోసం ఒక చేను అనుకుందాం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఒక ఏడు 60 మిల్లీమీటర్లు పడింది. రెండో ఏడూ 60. మూడో ఏడు 480. మూడేళ్ళ సగటు 200. పుస్తకంలో ఆ చేనికి ‘సాధారణం 200’ అని రాస్తారు. నిజానికి 200 ఏ ఏడూ పడలేదు! రెండేళ్ళు విత్తనం మాడింది. మూడో ఏడు విత్తనం కుళ్ళింది. లెక్క మాత్రం బాగుంది. తలకు నిప్పు, కాళ్ళకు మంచుగడ్డ పెట్టి ‘సగటున సుఖంగా ఉన్నావు’ అన్నట్టుంది ఇది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2016లో, 2018లో ఈశాన్య రుతుపవనాలు రాయలసీమకు ముఖం చాటేశాయి. 2021 నవంబర్‌లో అవే మీద పడ్డాయి. ఆ నెల 19న రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఇటు నల్లరేగడి చేలల్లో మొలిచిన బుడ్డశనగ నీళ్ళల్లో నానింది. 2021లో ఎక్కువ పడింది గదా అని 2018లో పోయిన పంట తిరిగొచ్చిందా? బ్యాంకులో అప్పు తీరిందా? సగటులో ఈ రెండేళ్ళూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మన ఇంట్లో మాత్రం రెండు నష్టాలూ ఒకదాని మీద ఒకటి కూడుకుంటాయి.

ఉత్తరాది రైతూ ఈ సగటును నమ్మి మోసపోయినవాడే. 2022 మార్చిలో, గింజ పాలు పోసుకునే వేళ, 1901 తర్వాత దేశంలో ఎన్నడూ లేనంత ఎండ కాసింది. గోధుమ గింజ ముడుచుకుపోయింది. మే నెలలో ప్రభుత్వం గోధుమ ఎగుమతులు ఆపేయాల్సి వచ్చింది. డిసెంబర్, జనవరి చలి చూసి ‘ఈ ఏడు ఢోకా లేదు’ అనుకున్నవాళ్ళకు ఆఖరి నెలలో దెబ్బ తగిలింది.

మన బుడ్డశనగకూ అంతే. జేజీ-11 లాంటి రకం 90 నుంచి 100 రోజుల్లో కోతకొస్తుంది. అక్టోబర్ రెండో పక్షం నుంచి నవంబర్ మొదటి పక్షం లోపల విత్తితే చలి ఉండగానే కాయ పడుతుంది. వాన కోసం చూసి చూసి డిసెంబర్‌లో విత్తితే పంట ఫిబ్రవరి, మార్చి ఎండల్లో చిక్కుతుంది. పూత, పిందె మీద ఉండగా పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పిందె నిలవదు. కింద పదును ఉండదు, పైన ఎండ. అప్పుడు ‘ఈ సీజన్ వర్షపాతం సాధారణం’ అని పేపర్లో పడితే ఏం చేసుకోవాలి?

మనం చేయాల్సింది

మొదటిది, సగటును చూసి విత్తకండి. పక్కవాడు గొర్రు కట్టాడని కూడా విత్తకండి. గడ్డపార తీసుకుని చేలో రెండు మూడు చోట్ల అడుగున్నర లోతు తవ్వండి. ఆ లోతు మట్టి పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి. పైన నాలుగు అంగుళాలు తడిసి కింద పొడిగా ఉంటే ఆ వానను నమ్మి విత్తన మూట విప్పొద్దు.

రెండోది, వాన లెక్క మీరే రాసుకోండి. అంచులు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి చెట్టూ గోడా అడ్డంలేని చోట పెట్టండి. పొద్దున్నే స్కేలు దించి నీళ్ళ లోతు చూడండి. ఎన్ని మిల్లీమీటర్ల లోతు ఉంటే అంత వాన పడినట్టు. ఒక్క మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు సుమారు 4 వేల లీటర్లు, అంటే 200 లీటర్ల డ్రమ్ములు 20! కార్తె పేరు, తేదీ, ఎంత వాన, ఎప్పుడు విత్తింది, ఎంత పండింది అన్నీ పిల్లల పాత నోటుపుస్తకంలో రాయించండి. అయిదేళ్ళు రాస్తే మీ చేను స్వభావం మీకు తెలుస్తుంది. సర్కారు లెక్కతో మీ లెక్క కలవనప్పుడు నిలదీయడానికి చేతిలో కాగితమూ ఉంటుంది.

మూడోది, కలిసి అడగాల్సింది. మండలానికి ఒక సగటు కట్టి అందరినీ ఒకే గాట కడితే ఎట్లా? గుట్టకు ఇటు పడిన వాన అటు పడదని పశువుల కాపరికి కూడా తెలుసు. కొలిచే యంత్రం ఉన్నచోట పడి, మీ ఊళ్ళో పడకపోతే మీకు వాన పడినట్టే లెక్క. అందుకే ప్రతి రైతు సేవా కేంద్రం ముందు ఒక నల్లబోర్డు పెట్టించమని అడుగుదాం. ఈ వారం ఎంత పడింది, మామూలుగా ఎంత పడాలి, ఇవి రెండూ రాస్తే చాలదు. ఈ వారానికి విత్తేంత పదును పదేళ్ళలో ఎన్నేళ్ళు దొరికిందో కూడా రాయాలి. పదింట ఏడేళ్ళు దొరికితే ధైర్యంగా విత్తుతాం. మూడేళ్ళే దొరికితే సగం చేను ఆపుకుంటాం, లేదా తక్కువ ఖర్చుతో పోయే జొన్న, ధనియాల వైపు చూస్తాం. సగటు చెప్పలేనిది ఈ ఒక్క అంకె చెబుతుంది. పాత లెక్కలు ఆఫీసుల్లో ఉన్నాయి. బయటపెట్టడానికి సుద్దముక్క ఖర్చు తప్ప ఏముంది?

ఈసారి టీవీలో ‘సాధారణం’ అనే మాట వినిపించినప్పుడు టీ గ్లాసు కింద పెట్టి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎక్కడి సాధారణం? ఎన్నేళ్ళ సాధారణం? నా చేలో ఎంత? మొదటి రెండిటికీ జవాబు ఆఫీసుల్లో దొరుకుతుంది. మూడోదానికి జవాబు మీ నోటుపుస్తకంలో తప్ప ఎక్కడా దొరకదు. ఈ హస్త కార్తెకే ఆ పుస్తకం మొదలుపెట్టండి.