మతి లేదని తేల్చేదెవరు?

విడాకుల కేసుల్లో భర్తల తరపు కాగితాలు చదివే వాళ్లకి "ఆమెకు మతిస్థిమితం లేదు" అనే మాట కొత్తకాదు. సామాజిక శాస్త్ర పరిశోధకురాలిగా ఇలాంటి కాగితాలు చాలానే చదివాను. వంట సరిగా చెయ్యదు, అత్తకు ఎదురు చెబుతుంది, ఊరికే ఏడుస్తుంది, రాత్రిళ్లు నిద్రపోదు – అన్నీ ఒకే వరసలో రాసి కింద ఒక డాక్టరు చీటీ జతచేస్తారు. ఇందులో ఏది రోగ లక్షణం, ఏది కోడలి మీద కోపం అని విడదీసే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే రోగ నిర్ధారణ ఎలా జరుగుతుందో స్త్రీల సంఘాలు తెలుసుకుని తీరాలంటాను.

చాలా శారీరక జబ్బులకు రక్తపరీక్షో, ఎక్స్‌రేనో ఉంటుంది. మానసిక వ్యాధుల్లో అధికభాగానికి ఈనాటికీ అలాంటి పరీక్ష లేదు. మనిషి చెప్పింది విని, ఇంట్లోవాళ్లను అడిగి, ప్రవర్తన గమనించి, ఆ లక్షణాలను ఒక జాబితాతో పోల్చి చూస్తారు. ఆ జాబితాలు ముఖ్యంగా రెండు. ఒకటి అమెరికా మనోవైద్యుల సంఘం 1952 నుంచి ప్రచురిస్తున్న డి.ఎస్.ఎం. రెండోది ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐ.సి.డి. ఉదాహరణకు తీవ్రమైన డిప్రెషన్ అని చెప్పాలంటే డి.ఎస్.ఎం. ప్రకారం 9 లక్షణాల్లో కనీసం 5, రెండు వారాలపాటు ఉండాలి. వాటిలో దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ తప్పనిసరి. లక్షణాలుంటే చాలదు, అవి రోజువారీ బతుకును దెబ్బతీసి ఉండాలి కూడా.

ఈ జాబితాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. స్వలింగ ప్రేమను అమెరికా సంఘం 1973 వరకూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 వరకూ రోగంగానే లెక్కపెట్టాయి. బాధపెట్టేవాళ్లనే వెతుక్కుని వాళ్లతోనే ఉండిపోవడాన్ని ఒక వ్యక్తిత్వ లోపంగా 1987 నాటి డి.ఎస్.ఎం. అనుబంధంలో పెట్టారు. దెబ్బలు తినే స్త్రీదే జబ్బు అనడమేనా ఇది అని స్త్రీవాదులు నిలదీశారు. 1994 నాటి కూర్పులో అది లేదు. 1980లో గాయానంతర మానసిక ఒత్తిడిని జాబితాలో చేర్చినప్పుడు, మామూలు మానవానుభవానికి అతీతమైన ఘటన జరిగి ఉండాలన్నారు. అత్యాచారం, ఇంట్లో హింస స్త్రీల జీవితాల్లో ఎప్పుడు అసాధారణమయ్యాయి? ఈ ప్రశ్న గట్టిగా వినిపించాక 1994లో ఆ షరతు తీసేశారు. అంటే మన ఉద్యమాలు ఈ పుస్తకాలను మార్చగలిగాయి.

జాబితాను వాడే కళ్లు కూడా సమాజంలోవే. 1970లో బ్రోవర్‌మన్ బృందం అమెరికాలో మానసిక చికిత్సకులను ఆరోగ్యవంతుడైన పురుషుడు, ఆరోగ్యవంతురాలైన స్త్రీ, ఆరోగ్యవంతమైన మనిషి ఎలా ఉంటారని విడివిడిగా అడిగింది. మనిషికీ పురుషుడికీ చెప్పిన గుణాలు ఇంచుమించు ఒకటే. స్త్రీ మాత్రం తేలిగ్గా లొంగేది, తొందరగా నొచ్చుకునేది. ఈ కొలత ప్రకారం స్త్రీ 'మంచి స్త్రీ'గా ఉంటే పూర్తి మనిషి కాదు, పూర్తి మనిషిగా ఉంటే మంచి స్త్రీ కాదు.

అయితే పిచ్చి అనేదే పితృస్వామ్యం అల్లిన కట్టుకథ అనే వాదనతో నేను ఏకీభవించను. కాన్పు తర్వాత బిడ్డ ముఖం చూడలేక కుమిలిపోయే తల్లి, ఎవరివో గొంతులు వినిపించి నిద్రకు దూరమైన స్త్రీ నిజంగా బాధపడుతున్నారు. వాళ్లకు వైద్యం అందకపోవడం కూడా అన్యాయమే. సరైన నిర్ధారణ ఉంటేనే మందు దొరుకుతుంది, 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద సర్టిఫికెట్ వస్తుంది. కనుక మనం అడగవలసింది నిర్ధారణ వద్దని కాదు, న్యాయంగా జరగాలని.

చట్టంలో దీనికి ఆధారాలున్నాయి. హిందూ వివాహ చట్టంలో మానసిక వ్యాధి విడాకులకు ఒక కారణం. కానీ స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టినంత మాత్రాన చాలదని, కలిసి బతకడం సాధ్యంకానంత తీవ్రత రుజువు కావాలని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 3 ఇంకా ముందుకు వెళ్లింది. సమాజపు నీతికీ ఆచారాలకూ ఒదగకపోవడం మానసిక వ్యాధికి ఆధారం కాదు. గతంలో ఆస్పత్రిలో ఉండటం ఒక్కటే ఇప్పుడు జబ్బుందనడానికి చాలదు. జబ్బుందన్నంత మాత్రాన మతిస్థిమితం లేదని అర్థం కాదు, ఆ మాట కోర్టు తేల్చాలి. సెక్షన్ 105 ప్రకారం కోర్టులో పెట్టిన రుజువును అవతలి పక్షం సవాలు చేస్తే, కోర్టు దాన్ని మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు పరిశీలనకు పంపాలి.

ఈ సెక్షన్ల పేర్లు మన సలహా కేంద్రాల గోడల మీద ఉండాలి. చీటీ ఎవరు తెచ్చినా కొన్ని ప్రశ్నలు వెయ్యాలి. రాసినది మనోవైద్యుడేనా? ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడాడా, భర్త చెప్పిందే రాశాడా? ఏ లక్షణాలు, ఎంతకాలంగా? ఇంట్లో దెబ్బలున్నాయా అని అడిగాడా? నిద్రపట్టని స్త్రీని ఎందుకు పట్టడం లేదని అడగకుండా రాసిన కాగితం వైద్యానికి పనికిరాదు, న్యాయానికి అసలే పనికిరాదు.