బేటా మీద పర్దా, బహు మీద తోహ్మత్

మన ఇళ్లలో బీమారీలకు కూడా ఇజ్జత్ ఉంటుంది. షుగర్ వస్తే ఖాందానీ అంటాం. హార్ట్ ఆపరేషన్ అయితే మొహల్లా మొత్తం పండ్ల సంచులు పట్టుకుని పలకరించడానికి వస్తుంది. హెచ్‌ఐవీ అనగానే మాత్రం బీమార్ ఎలా ఉందని ఎవరూ అడగరు. ఒకటే సవాల్: "ఎవరు తెచ్చారు?" జవాబు కూడా ముందే తయారుగా ఉంటుంది. బహు.

బహూయే ఎందుకు? ఆమెకే ముందు టెస్టు చేశారు కాబట్టి. ఇంతకుమించి సబూత్ ఏమీ లేదు. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు మొదటి నెలల్లోనే సర్కారు ఆసుపత్రిలో రక్తం తీస్తారు. హిమోగ్లోబిన్, షుగర్, హెపటైటిస్ బి, సిఫిలిస్, వాటితోపాటు హెచ్‌ఐవీ. మగవాడి జిందగీలో ఆ టెస్టు తప్పనిసరిగా ఎదురయ్యే రోజంటూ ఉండదు. అతను ఎనిమిదేళ్లు, పదేళ్లు ఏ అలామత్ లేకుండా తిరగగలడు. ఈ వైరస్ తరీకా అదే. ఇద్దరిలో ఎవరికి ముందు వచ్చిందో మామూలు టెస్టు చెప్పదు. టెస్టు చెప్పదు కాబట్టే నోరు పెద్దదైనవాళ్లు చెబుతారు.

గుంటూరు వైపు ఒక చెల్లెలు నాతో మాట్లాడింది. పేరు, ఊరు రాయను. ఐదో నెలలో రిపోర్టు వచ్చిన రోజే సాస్ ఆమెను ఆటో ఎక్కించి మైకేకి పంపించేసింది. షౌహర్ టెస్టుకి రానన్నాడు. "నాకేం రోగం, గుర్రంలా ఉన్నాను" అన్నాడు. ఆమె డెలివరీ అయిన కొన్నాళ్లకు అతనికి టీబీ వచ్చింది. అప్పుడు డాక్టర్లు పరీక్ష చేస్తే అతనూ పాజిటివే. ఇంట్లో ఫైస్లా మారిందా? మారింది. అప్పటిదాకా "రోగం తెచ్చుకుంది" అన్నవాళ్లు, "మా అబ్బాయికి అంటించింది" అనడం మొదలుపెట్టారు.

2020 గుర్తు చేసుకోండి. మర్కజ్‌కి వెళ్లొచ్చినవాళ్లను వెతికి వెతికి టెస్టులు చేశారు. వాళ్లలో కేసులు బయటపడగానే, కరోనా ముసల్మానులే తెచ్చారని టీవీలు అరిచాయి. కూరగాయల బండివాడిని పేరడిగి వీధిలోంచి వెళ్లగొట్టారు. మనకెంత మండింది! "ఎవరికి ఎక్కువ టెస్టులు చేస్తే వాళ్లలోనే ఎక్కువ కేసులు కనిపిస్తాయి కదా, ఇదేం ఇన్సాఫ్" అని మనమంతా అడిగాం. నేనూ న్యూస్‌రూమ్‌లో గొంతు చించుకున్నాను. అదే లాజిక్ మన దాలాన్ దాటి లోపలికి ఎందుకు రాదు? బయటివాళ్లు మన మీద వేస్తే తోహ్మత్. మనం బహు మీద వేస్తే ఖాందాన్ పరువా?

తోహ్మత్ అనే మాట నేను ఊరికే వాడటం లేదు. పాక్‌దామన్ అయిన ఆడమనిషి మీద నలుగురు గవాహ్‌లు లేకుండా నింద వేయడం షరియత్‌లో ఖజఫ్. దానికి 80 కొరడా దెబ్బల సజా చెప్పారు. హజ్రత్ ఆయిషా (రజి.) మీద మదీనాలో మునాఫిఖులు వేసిన నింద కథ మన పిల్లలకు మద్రసాలోనే చెబుతాం. ఆ కథ విని కళ్లు తుడుచుకున్న అమ్మీయే, ఇంటికొచ్చి ల్యాబ్ కాగితం ఒక్కటి చూసి కోడలి మీద అదే నింద వేస్తుంది. ల్యాబ్ కాగితం ఎప్పటి నుంచి నలుగురు గవాహ్‌లతో సమానమైంది?

ఇక సబర్. పంచాయితీ పెట్టిన పెద్దలు ఆమెకిచ్చే నసీహత్ ఇదొక్కటే. "సబర్ కర్ బేటీ, అడ్జస్ట్ అవ్వు." నేను బడిలో ఈ మాటను ఉర్దూలో నేర్చుకున్నాను, డిగ్రీ తెలుగులో చదివాను. రెండు భాషల్లోనూ వెతికి చెబుతున్నాను, సబర్‌కి "సర్దుకుపోవడం" తర్జుమా కాదు. సబర్ అంటే నిలబడటం, కాలు జారకుండా నిలదొక్కుకోవడం. సబర్‌కి మనమంతా మిసాల్‌గా చెప్పుకునే హజ్రత్ అయ్యూబ్ (అలై.) కూడా తన తక్లీఫ్‌ని అల్లాహ్ ముందు నోరు తెరిచి మొరపెట్టుకున్నవారే. ఆ బయాన్‌లో ఇంకొకరు కూడా ఉంటారు. బీమార్ షౌహర్‌ని వదలకుండా ఖిద్మత్ చేసిన బీవీ. మన ఇళ్లలో షౌహర్ మంచాన పడితే ఆమెలా ఉండమని బీవీకి చెబుతాం. బీవీ మంచాన పడితే ఆ ఖిద్మత్ ఎవరు చేయాలో ఏ మౌల్వీ సాబూ బయాన్ చేయగా నేను వినలేదు. అప్పుడు అందరికీ దూస్రీ షాదీ గుర్తొస్తుంది.

"మౌత్ ఎలాగూ ఖాయం కదా" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు 20 ఏళ్ల కిందే ఆగిపోయారు. సర్కారు 2004 నుంచి ఏఆర్‌టీ మందులు ముఫ్త్‌గా ఇస్తోంది. 2017 నుంచి కౌంట్ పడిపోయేదాకా ఆగకుండా, పాజిటివ్ అని తేలిన వెంటనే మొదలుపెడుతున్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకి ఒకే గోలీ. దాన్ని నాగా లేకుండా మింగితే రక్తంలో వైరస్ టెస్టుకి అందనంత తగ్గిపోతుంది. అలా తగ్గి, తగ్గినట్టే ఉన్నంతకాలం మియాబీవీ కలిసి ఉన్నా ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఇలాజ్ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు అంటే ఖత్రా వందకి 15 నుంచి 45. ఇలాజ్ సరిగా ఉంటే 5 కంటే తక్కువ. అంటే ఈ ఆడమనిషి కాపురం చేయొచ్చు, కనొచ్చు, మనవళ్లను ఎత్తుకోవచ్చు. రోజుకి ఒకే గోలీ కాబట్టి రోజాకీ చాలామందికి అడ్డం రాదు. ఏ టైముకి వేసుకోవాలో ఏఆర్‌టీ సెంటర్‌లో అడిగితే ఇఫ్తార్ తర్వాతో, సెహ్రీకో సర్ది చెబుతారు.

కానీ గోలీ మింగాలంటే ఇంట్లో చోటుండాలి కదా! ఆ చెల్లెలు మందు డబ్బా మీద కాగితం గోరుతో గీకేసి, చప్పుడు కాకుండా లోపల దూది కుక్కి, బియ్యం డ్రమ్ములో దాచేది. నంద్ ఇంటికొచ్చిన రోజు గోలీ నాగా. పెళ్లిళ్లకి వెళ్తే నాగా. నాగాలు పెరిగితే వైరస్ మళ్లీ లేస్తుంది, మందు పనిచేయడం మానేస్తుంది. అప్పుడు చూసేవాళ్లు ఆమెను బీమారీ తినేసిందంటారు. ఇంటివాళ్ల భయం తినేసిందని ఎవరనాలి?

ఇంతకంటే పెద్ద జుల్మ్ ఒకటుంది, తెలిసి తెలిసి నికాహ్ చేయడం. గల్ఫ్ ఇళ్లవాళ్లకు ఇది బాగా తెలుసు. అక్కడి వీసా మెడికల్‌లో హెచ్‌ఐవీ పాజిటివ్ వస్తే పంపించేస్తారు. అన్‌ఫిట్ అన్న ప్రతిసారీ ఇదే అనుకోకండి, పాత టీబీ మచ్చకి కూడా అన్‌ఫిట్ చేస్తారు. కానీ కొడుకుకి ఏముందో తెలిసి కూడా, కాగితం అల్మారీలో దాచి, "కఫీల్‌తో పడలేదు, అందుకే వచ్చేశాడు" అని చెప్పి పేదింటి పిల్లను చూసేవాళ్లు ఉన్నారు. జహేజ్ కూడా వద్దంటారు. పిల్ల తండ్రి ఎంత నేక్ ఖాందానో అనుకుంటాడు. తమ్ముడూ, జహేజ్ వద్దన్నందుకు షుక్రియా చెప్పు, కానీ గల్ఫ్ నుంచి ఎందుకొచ్చాడో కూడా అడుగు. నికాహ్‌కి ముందు దుల్హా, దుల్హన్ ఇద్దరూ టెస్టు చేయించుకోవడం మంచిదే. రిపోర్టు మాత్రం వాళ్లిద్దరి చేతుల్లోనే ఉండాలి. జమాత్ దఫ్తర్‌లో ఫైలు పెడదామనే పెద్దలతో నేను ఒప్పుకోను. అక్కడ చాయ్ చల్లారేలోగా ఆ ఫైలు బస్తీ అంతా తిరిగొస్తుంది. ఇద్దరు పాజిటివ్‌లు, లేదా ఇద్దరిలో ఒకరు పాజిటివ్, అన్నీ తెలిసి ఖుబూల్ అనుకుంటే ముబారక్. నా గొడవ బీమారీతో కాదు, ధోకాతో.

ఇలా రాస్తే కొందరు నాకు ఫోన్ చేస్తారు. "అసలే మనం బద్నామ్, ఇదెందుకు బయటపెట్టడం?" 2021 అంచనాల్లో దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. ఇవి అన్ని కౌములనూ కలిపి చెప్పిన లెక్కలు. మన గల్లీ గేటు దగ్గర వైరస్ ఆగి సలాం చెప్పి వెనక్కి పోదు.

ఖానూన్ కూడా ఉంది. 2017 హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. పాజిటివ్ అని చెప్పి ఆమెను ఉంటున్న ఇంట్లోంచి గెంటడానికి వీల్లేదు. వంటగది, బాత్రూమ్ వాడొద్దనడానికీ వీల్లేదు. వేరే కంచం, వేరే గ్లాసు పెట్టడం డాక్టరీ ప్రకారం కూడా జాహిలీయే, తిండితో, గ్లాసుతో ఇది అంటదు. 1939 నాటి మన ఫస్ఖ్ చట్టంలో, షౌహర్‌కి తీవ్రమైన సుఖవ్యాధి ఉంటే బీవీ కోర్టుకెళ్లి నికాహ్ రద్దు అడగొచ్చని రాశారు. 80 ఏళ్లు దాటాయి. సాస్‌లకు ఆ సంగతి తెలియదు, బహులకు ఎవరూ చెప్పలేదు. ఏమీ తోచకపోతే 1097కి ఫోన్ చేయొచ్చు, పైసా పడదు.

ఆఖర్న బేవా సంగతి. మందులు ముఫ్త్‌గా రాని కాలంలో షౌహర్‌లు పోయిన ఆడవాళ్లు చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు. పింఛను కాగితం మీద ఏముందో చూస్తారని పింఛనుకి కూడా వెళ్లనివాళ్లున్నారు. "నీ వల్లే పోయాడు" అంటూ వాళ్లను ఖాళీ చేతులతో పంపించారు. ఏ ఫిఖ్హ్‌లో ఉంది ఇది? మెహర్ ఖర్జ్. తర్కా పంచకముందే తీర్చాలి. ఆ తర్వాత పిల్లలుంటే ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు బేవాది. అతని ఆటో, అతని చిట్టీ, అతని పీఎఫ్, అన్నిటికీ లెక్క చెప్పాలి. బీమారీ ఉంటే హిస్సా కట్ అని ఎక్కడా లేదు. "ఇల్లు నా పేరున ఉంది, వాడిది కాదు" అంటాడు ససరా. సరే, మసలా ప్రకారం అది నిజమే. మిగతా కొడుకులు బతికి ఉంటే, పోయిన కొడుకు పిల్లలకి దాదా ఆస్తిలో హిస్సా రాదు. కానీ ఆ పిల్లల పేరున మూడో వంతు దాకా వసీయత్ చేయడానికి దాదాకి ఇజాజత్ ఉంది. స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు, ఇద్దరు గవాహ్‌ల ముందు నోటితో చెప్పినా చెల్లుతుంది. మీ మొహల్లాలో ఎంతమంది దాదాలు చెప్పారో కనుక్కుని నాకు రాయండి.