మందు పేరు మారితే చాలదు

కీటకాల నాడీకణ త్వచంలోని సోడియం ఛానెళ్లు విద్యుత్ విభవం మారగానే తెరుచుకొని, కొద్ది మిల్లీసెకన్లలో మూసుకుంటాయి. పైరెత్రాయిడ్ మందులు వాటిని మూసుకోనివ్వవు. సంకేతాలు ఆగక కీటకం చచ్చుబడిపోతుంది. కొన్ని కీటకాలలో ఛానెల్ ప్రోటీనులోని ఒక్క ల్యూసిన్ స్థానంలో ఫినైల్‌అలనిన్ చేరినా మందు పట్టు సడలుతుంది. 1987లో ఆంధ్రప్రదేశ్ ప్రత్తిలో శనగపచ్చ పురుగు ఈ మందులకు లొంగకపోవడం తెలిసినదే. అయినా సైపర్‌మెత్రిన్ పనిచేయని చోట లామ్డా సైహలోత్రిన్ సూచించడం సరికాదు. రెండింటి గురీ ఒకే ఛానెల్. క్లోరాంట్రానిలిప్రోల్ కండరకణాలలోని కాల్షియం ఛానెల్‌ను తెరుస్తుంది. మార్పు అంటే అది (దానినీ వరుసగా వాడరాదు). కనుక విస్తరణ సిఫారసులలో ప్రతి మందు పక్కన ఐఆర్ఏసీ వర్గసంఖ్య ముద్రించాలి. సంఖ్యలు రైతుకు భారమన్న వాదన నిలవదు. ఎరువుల సంచిపై 20-20-0-13 చదివే రైతుకు 3ఎ, 28 కష్టం కావు.