పెళ్లిపందిట్లో కొత్త మైకుసెట్టు

వెనుకటి రోజుల్లో మా కొనకనమిట్ల వైపు పెళ్లికి మైకుసెట్టు వచ్చిందంటే పిల్లలందరూ దాని చుట్టూ మూగేవారు. గొట్టం స్పీకరు వేపచెట్టుకు కట్టి, రికార్డును గుడ్డతో తుడిచి, దానిమీద ముల్లు ఆనించే మనిషికి పెళ్లికొడుకు తరువాత అంతటి మర్యాద జరిగేది. యీనాడు ఆ స్థానం డీజే అబ్బాయిది. రికార్డులు పోయి ల్యాప్‌టాప్ వచ్చింది. మర్యాద అలాగే వుంది గాని, ఇరుగుపొరుగుల తిట్లు కూడా దానికి తోడయ్యాయి.

మా మేనల్లుడు డిగ్రీ చదివాడు. మాది వానను నమ్ముకొన్న మెట్టసీమ. అందరిలా హైదరాబాదుకో బెంగుళూరుకో పోకుండా యిక్కడే డీజే సెట్టు పెడతాననీ, అప్పు యిప్పించమనీ అడిగాడు. “మామయ్యా, ఒక్క సాఫ్ట్‌వేరుకే బోలెడవుతుంది” అన్నాడు. “డబ్బు అక్కరలేనిది ముందు చూద్దాంరా, అప్పు సంగతి తరువాత” అన్నాను. యిటువంటి కుర్రవాళ్లు యింటింటా వున్నారు కనుక, మేము తెలుసుకొన్నది మీకూ చెబుతున్నాను.

డబ్బు అక్కరలేని ఆ సాఫ్ట్‌వేరు పేరు మిక్స్. ఇంగ్లీషులో రాసేటప్పుడు చివర మూడు ఎక్స్ అక్షరాలు పెడతారు. ఆండర్సన్ అనే పరిశోధక విద్యార్థి 2001లో తన పరిశోధన కోసం దీన్ని మొదలుపెట్టాడు. తరువాత దేశదేశాల వాళ్లు తలా ఒక చెయ్యి వేసి పెంచారు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిమీదా నడుస్తుంది. దీని లోపలి రాత అందరికీ బహిరంగమే. మన మార్కాపురం పలకలా ఎవరైనా రాయవచ్చు, దిద్దవచ్చు, పక్కవాడికి యివ్వవచ్చు. దొంగ కాపీలు ఎక్కించుకొని, వాటితోపాటు వైరసులను యింటికి పిలుచుకొనే బాధ లేదు.

యిక అమర్చడం. తెరమీద రెండు డెక్కులు కనిపిస్తాయి. ఒకదానిలో పాట జనానికి వినిపిస్తుండగా, రెండో దానిలో రాబోయే పాటను డీజే హెడ్‌ఫోనులో విని సిద్ధం చేసుకోవాలి. అంటే శబ్దానికి రెండు వేరు దారులు కావాలి. మామూలు ల్యాప్‌టాప్‌కు వుండేది ఒక్క దారే. అందుచేత చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొని, దాని తీగను యాంప్లిఫయరుకూ, ల్యాప్‌టాప్ సొంత దారిని హెడ్‌ఫోనుకూ యిచ్చి, మిక్స్‌లోని సౌండ్ హార్డ్‌వేర్ పేజీలో ఆ సంగతి చెప్పాలి. అక్కడే బఫర్ అనే అంకె వుంటుంది. అది మరీ తగ్గిస్తే శబ్దం చిటపటలాడుతుంది. మరీ పెంచితే మీట నొక్కిన కాసేపటికి గాని పాట కదలదు. ఖరీదైన కంట్రోలరు మొదట్లో అక్కరలేదు, కీబోర్డు మీటలతోనే సాధన చేయవచ్చు.

పాటలను ముందుగా విశ్లేషణకు పెడితే, నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కగట్టి, రెండు పాటల నడకనూ కలుపుతుంది. కాని మన డప్పు, మన జానపదం గడియారం చూసి వాయించినవి కావు. వాయించేవాడికి హుషారు వస్తే నడక పెరుగుతుంది. అక్కడ యంత్రం లెక్క తప్పవచ్చు, సగమో రెట్టింపో చూపవచ్చు. అప్పుడు చెవితో విని, మీటమీద తాళం వేసి సరిదిద్దాలి. యీ విద్య మాత్రం ఎవరూ ఉచితంగా యివ్వరు.

సాఫ్ట్‌వేరు ఉచితమైనంత మాత్రాన పాటలు ఉచితం కావు. పెళ్లి వూరేగింపుకూ, పెళ్లి వేడుకలకూ 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ మినహాయింపు యిస్తుంది. టిక్కెట్టు పెట్టి జరిపే ఆటపాటలకు ఆ మినహాయింపు లేదు.

మావాడు రెండు నెలలుగా పాత ల్యాప్‌టాప్‌తో సాధన చేస్తున్నాడు. స్పీకర్లు అవసరమైన రోజుకు అద్దెకు తెస్తాడు. అప్పు మాట యింకా ఎత్తలేదు. వాళ్లమ్మ మాత్రం “పాటలు సరే, గోడలు అదరకుండా చూడరా” అంటోంది. ఆమె మాటలో చట్టం కూడా వుంది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం, ప్రత్యేకానుమతి వున్న కొద్ది రోజులు తప్ప, రాత్రి 10 మొదలు ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు పనికిరాదు. నివాసాల దగ్గర పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. మిక్స్ తెరమీద ఎర్రదీపం వెలిగిందంటే పాట చీలిపోతున్నదని అర్థం. వెంటనే శబ్దం తగ్గించాలి.

పెళ్లి చేసే తల్లిదండ్రులకు ఒక మనవి. డీజేను మాట్లాడుకొనేటప్పుడు ఎన్ని స్పీకర్లు తెస్తావని కాక, ఎన్ని గంటలకు కట్టేస్తావని ముందు అడగండి. పక్కింట్లో బాలింత వుండవచ్చు, తెల్లవారితే పరీక్ష రాయవలసిన పిల్ల వుండవచ్చు. వాళ్లూ మన పెళ్లికి వచ్చి అక్షతలు వేయవలసిన వాళ్లే.