నవ్వెడివారు, నవ్వులపాలగువారు

ప్రహసనమనునది రాజమహేంద్రవరమునకు క్రొత్త కాదు. 1874లో వివేకవర్ధని పత్రికను నెలకొల్పిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు, కక్షిదారులను నిలువుదోపిడి చేయు ప్లీడర్లను ‘వ్యవహార ధర్మబోధిని’లోను, కాటికి కాళ్ళు చాచికొనియు పసిబాలికను పెండ్లాడగోరు వృద్ధవరుని ‘బ్రహ్మవివాహము’లోను నడివీథిలో నిలిపి నవ్వులపాలు చేసిరి. పగటివేషగాండ్రు సైతము సోమయాజులు, సోమిదేవమ్మల వేషములు గట్టి, ఊరిపెద్దల వాకిళ్ళ ముందరనే ఆచారాడంబరమును ఎగతాళి చేసి, ఆ పెద్దలచేతనే బహుమానములు పుచ్చుకొనెడివారు. ఆ హాస్యబాణము క్రిందినుండి మీదికి పోయెడిది.

ఆ ప్రహసనమే నేడు ‘స్కిట్టు’ అను పేర టెలివిజనులో వర్ధిల్లుచున్నది. 2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’, అండదండలు లేని పల్లెటూరి యువకులనేకులకు కూడును పేరును పెట్టి, సినిమా వాకిలి తెరచినదన్న మాట నిజము; ఆ మేలును కాదనుట కృతఘ్నత. కాని నల్లని మేనిచాయ, స్థూలకాయము, భార్య గయ్యాళితనము, హిజ్రాల నడక, ఇవియే అందు పదేపదే పరిహాసవస్తువులగుచుండగా, బాణము క్రిందివారి వైపునకే తిరిగినదనక తప్పదు. మన కోనసీమ యాసకును అదే గతి: మాటకు ముందు ‘ఆయ్’ అన్నవాడు తెరమీద అమాయకుడో వెటకారియో కావలసినదే కాని, బుద్ధిమంతుడగు నాయకుడు కానేరడు.

క్రిందివారిని వెక్కిరించు ఈ తీరు మనకే పరిమితము కాదు. అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దమున తెల్లవారు మొగములకు మసి పూసికొని నల్లవారిని వెక్కిరించుట జనరంజకమైన వినోదము. ఆ అవమానమును దిగమ్రింగిన జాతివారే పిమ్మట కలమును, వేదికను తమ చేతులలోనికి తీసికొనిరి. 1970లో తన పేరిటి టెలివిజను ప్రదర్శనతో హాస్యనటుడు ఫ్లిప్ విల్సన్, 1990లో ‘ఇన్ లివింగ్ కలర్’ అను స్కిట్టుల కార్యక్రమముతో కీనెన్ ఐవరీ వేయన్స్, తమ ఇండ్లలోని మాటతీరును, తమ వీథులలోని ఆటపాటలను దేశమంతటి చేత ఆదరింపజేసిరి. మరి ఆ జాతివాడే యగు హాస్యనటుడు డేవ్ షాపెల్, తన హాస్యమునకు నవ్వుచున్నవారు తనతో నవ్వుచున్నారో, తన జాతిని చూచి నవ్వుచున్నారో అను సంశయము పుట్టిన తోడనే, 2005లో తన టెలివిజను ప్రదర్శనకైన కోట్ల డాలర్ల ఒడంబడికను సైతము వదలి వెడలిపోయెను.

ఆ సంశయము మన స్కిట్టు రచయితలకును కలుగవలెను. ఇసుక కాంట్రాక్టరు, రొయ్యల చెరువుల ఆసామి, ర్యాంకుల బేహారియగు కళాశాల యజమాని, వీరందరు నేటి గోదావరి సీమలో నవ్వులకు నోచుకొనని సోమయాజులు. కౌలురైతు బిడ్డయు, చామనచాయ పిల్లయు నటించుటతో సరిపుచ్చక, రచనయు తామే చేయు నాడు నవ్వులపాలగు వంతు ఈ సోమయాజులకు తప్పక వచ్చును.