కట్టినవాడికి పేరు, కాపాడేవాడికి పని



పాకాల చెరువు ఎవరిదంటే కాకతీయులదంటారు. రామప్ప చెరువు ఎవరిదన్నా అదే జవాబు. మరి ఏటేటా కాలవలో పూడిక లాగి, వేళకి తూము తీసి, వేళకి మూసి, ముసురు రాత్రుల్లో కట్ట మీద కాపలా ఉండి, ఎవరి మడికి ఎన్ని నీళ్లో లెక్క చూసిన నీరటి పేరేంటి? చాలా ఊళ్లలో నీరటి మన వాడ మనిషే. రాజు ఒక్కసారి తవ్వించాడు. ఆ చెరువు వందల ఏళ్లు నిలబడింది మాత్రం నీరటి చేతుల మీద. శాసనంలో రాజు పేరుంది, నీరటి పేరు లేదు.

ఈ వారం కంప్యూటర్ సంగతి రాస్తున్నాను. చెరువుతో ఎందుకు మొదలుపెట్టానో చదివితే మీకే తెలుస్తుంది.

లింక్స్ అని ఒక వెబ్ బ్రౌజర్ ఉంది. బొమ్మలుండవు, వీడియోలుండవు, వెనకాల జావాస్క్రిప్ట్ నడవదు. నల్లటి తెర మీద ఉత్త అక్షరాలే. 1992లో అమెరికాలో కాన్సాస్ యూనివర్సిటీలో లూ మాంటుల్లి, మైఖేల్ గ్రోబ్, చార్లెస్ రెజాక్ మొదలుపెట్టారు. మాంటుల్లి తర్వాత నెట్‌స్కేప్‌కి వెళ్లి, ఇవాళ ప్రతి సైటూ మన మీద కన్నేసి ఉంచడానికి వాడే ‘కుకీ’ని కనిపెట్టాడు. అతని పేరు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. ఆ కాలం బ్రౌజర్లు దాదాపు అన్నీ పోయాయి, లింక్స్ మాత్రం ఇంకా బతికే ఉంది. ఈరోజుకీ పని సాగుతున్న బ్రౌజర్లలో అన్నిటికన్నా పాతది అదే.

ఎలా బతికింది? థామస్ డికీ అనే ఆయన, ఆయనతో పాటు కొద్దిమంది దశాబ్దాలుగా దాన్ని చూసుకుంటున్నారు కాబట్టి. కొత్త హంగులు పెట్టడం కంటే పాతది పాడవకుండా చూడటమే అక్కడ ఎక్కువ పని. వెబ్ భద్రతా పద్ధతులు మారినప్పుడల్లా దీన్నీ మార్చాలి. 2021లో ఒక లోపం బయటపడింది. అడ్రసులోనే యూజర్ పేరూ పాస్‌వర్డూ కలిపి ఇస్తే, సర్వర్‌తో గుప్తంగా మాటలు మొదలవ్వక ముందే అవి దారిలో బయటికి కనబడే అవకాశం ఉంది. దాన్ని సరిదిద్దారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తూము లీకైతే రాత్రికి రాత్రే మట్టి కొట్టినట్టు.

జపాన్‌లో అకినోరి ఇతో 1995లో మొదలుపెట్టిన డబ్ల్యూ3ఎం కూడా అక్షరాల బ్రౌజరే. అసలు పని ఆగిపోతే డెబియన్ వాళ్లు భుజానికెత్తుకున్నారు. ఎడ్‌బ్రౌజ్ అని ఇంకొకటుంది. రాసింది కార్ల్ డాల్కే. ఆయన చూపులేని ప్రోగ్రామర్. కళ్లున్నవాళ్ల కోసం కట్టిన వెబ్ తనకి తలుపు తియ్యకపోతే, తన తలుపు తానే చేసుకున్నాడు.

“ఈ రోజుల్లో ఇదెవరు వాడతారన్నా?” అని అడుగుతారు. ఈ ప్రశ్న మనకి కొత్తా? “మీరెంతమందున్నారు, మీకోసం వేరే దారి వెయ్యాలా?” అని వాడకి రోడ్డు అడిగినప్పుడల్లా విన్నదే కదా. స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లు వాడతారు, వేళ్ల కింద బ్రెయిలీ పలకతో చదివేవాళ్లు వాడతారు. పాత కంప్యూటర్, నత్తలాంటి నెట్ ఉన్నవాళ్లు వాడతారు.

నాకు తెలిసిన ఒక తమ్ముడు చూపులేనివాడు, పీజీ చదువుతున్నాడు. స్కాలర్‌షిప్ ఫారం నింపుతుంటే చివర్లో ఒక బొమ్మ వచ్చింది, అందులో వంకర అక్షరాలు చూసి టైప్ చెయ్యమంది. వినిపించే ఏర్పాటు లేదు. నువ్వు మనిషివేనని రుజువు చేసుకో అంటుంది ఆ పేజీ. దళితుడికి ఈ మాట తరతరాలుగా తెలుసు. ఇప్పుడు మిషన్ కూడా అంటోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సమాచారం అందరికీ అందేలా ఉండాలంటుంది. చట్టం ఉండటం వేరు, తలుపు తెరుచుకోవడం వేరని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

తెలుగు సంగతీ చెప్పాలి. నల్లతెర గళ్ల నోటుబుక్కు లాంటిది, గడికొక అక్షరం. ఇంగ్లీషుకి సరిపోతుంది. ‘లక్ష్మి’ అని రాస్తే లోపల ఏడు సంకేతాలుంటాయి, అవి కలిసి వత్తులుగా, గుడిగా మారాలి. చాలా తెరల మీద అవి సరిగ్గా కలవవు, విరిగిపోతాయి. ఆ తప్పు బ్రౌజర్‌ది కాదు, తెర గీసే ప్రోగ్రాంది. అయితే లోపలి అక్షరాలు చెక్కుచెదరవు కాబట్టి, ఈస్పీక్ లాంటి ఉచిత గొంతు వాటిని తెలుగులో చదివి వినిపించగలదు. కంటికి విరిగిన తెలుగు చెవికి నిలుస్తుంది. కంటికీ నిలవాలంటే తెలుగు తెలిసినవాళ్లు ఆ పనిలో ఉండాలి.

ఇక అసలు మాట. ఈ పనికి జీతమెవరిస్తారు? 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు లోకానికి తెలిసింది: సగం ఇంటర్నెట్ తాళాలు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మీద ఉన్నాయి, దాన్ని పూర్తికాలం చూసే మనిషి దాదాపు ఒక్కడే. 2024లో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాంని ఒంటరిగా మోసి అలిసిపోయిన మనిషి దగ్గరికి, సాయం చేస్తానని నమ్మకంగా చేరినవాడొకడు దొంగదారి పెట్టాడు. లక్షల కోట్ల కంపెనీలు ఇలాంటి ఉచిత చాకిరీ మీద నిలబడ్డాయి.

ఇది కులవృత్తితో సమానమని నేననను. డికీ ఆ పని ఇష్టపడి ఎంచుకున్నాడు. మ్యాన్‌హోల్‌లోకి దిగే మన అన్నకి ఎంపిక లేదు, 2013 చట్టం వద్దన్నా దించుతూనే ఉన్నారు. రెండిటినీ ఒకటి చేస్తే మన చావులని చిన్నబుచ్చినట్టే. కానీ సమాజం చూపు ఒక్కటే: పుట్టించే పని గొప్పది, శుభ్రం చేసే పని, బాగుచేసే పని తక్కువది. ఆ చూపుని మన దేశంలో కులం చేసింది. కులం పనుల్నే కాదు, పనిచేసే మనుషుల్నే మెట్లుగా పేర్చిందని 1936లోనే బాబాసాహెబ్ తేల్చి చెప్పాడు.

ఇంకో చిక్కుంది. “సేవగా చెయ్యండి, ఉచితంగా రాయండి” అంటారు. ఖాళీ సమయం కూడా ఆస్తే. తాత ఇల్లు, తండ్రి పెన్షన్ ఉన్న కుర్రాడు రాత్రిళ్లు ఉచితంగా కోడ్ రాయగలడు. చదువు అప్పు తీరుస్తూ ఇంటికి డబ్బు పంపే మన పిల్ల ఏ రాత్రి రాస్తుంది? తీరా ఇంటర్వ్యూలో “ఓపెన్ సోర్స్‌లో ఏం చేశావ్?” అని అడిగి, ఆ ఖాళీని ప్రతిభ లేకపోవడం అంటారు. అది ప్రతిభ కొలత కాదు, తీరిక కొలత.

అందుకే నా డిమాండ్లు చిన్నవే. ప్రభుత్వ సైటు ఏదైనా జనంలోకి వచ్చే ముందు లింక్స్‌లో తెరిచి చూడండి. ఫారం అక్కడ నిండకపోతే అది ఇంకా పూర్తికాలేదని లెక్క. ఉచిత సాఫ్ట్‌వేర్ వాడే ప్రభుత్వాలు, కంపెనీలు దాన్ని చూసుకునేవాళ్లకి జీతం కట్టాలి, అందులో మొదటి తరం చదువుకున్న మన పిల్లలకి చోటుండాలి. ఉద్యోగాల్లో కుదురుకున్న మన అన్నలూ అక్కలూ ఒక చెల్లి ఆరు నెలల ఖర్చు మోస్తే, ఆమె ఆ విరిగిన తెలుగు అక్షరాల పని పట్టుకోగలదు.

నీరటికి ఊరు గింజలు కొలిచేది, అది కూడా దయలాగే. మనకి గింజలొద్దు. జీతం కావాలి, శాసనం మీద పేరు కావాలి.

జై భీమ్.